మడ అడవిలో రెండు కిలోమీటర్లు

గేటు పక్కన బోర్డు మీద 'సులభ నడక. దూరం రెండు కిలోమీటర్లు. పిల్లలు, పెద్దలు అందరూ నడవవచ్చు' అని రాసి ఉంది. ఆ రాసినాయన మా ఇంటాయన్ని చూడలేదు. నన్ను అసలే చూడలేదు.

మా ఇంటాయన పేరు యల్లమంద. మాచవరం పక్కన సాగర్ కాలువ మీద ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లస్కరు. లస్కరంటే పెద్ద ఉద్యోగమేం కాదు. కాలువ గట్టు మీద నడుస్తూ, కొలబద్ద మీద నీటిమట్టం చూసి, పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం షట్టరు ఎత్తడం, దించడం. ఎత్తితే ఒక ఊరివాళ్ళు తిడతారు, దించితే ఇంకో ఊరివాళ్ళు తిడతారు. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు కిలోమీటర్లు. ఎండలోనూ వానలోనూ, ఆఖరికి ఒంట్లో జ్వరంతో కూడా నడిచిన మనిషి. ఇంట్లో ఒక పూట కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయనేవాడు.

పది నెలల కిందట ఆ గట్టు మీదే పడిపోయాడు. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి, కొంచెం మూతి. కాలువ నిండుగా పారుతున్న రోజులవి. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన చూసి ఫోను చేయబట్టి సరిపోయింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన తల నీళ్ళకి జానెడు దూరంలో ఉంది. ఆ జానెడు నేను కళ్ళారా చూశాను. ఇంకొంచెం దొర్లి ఉంటే ఆయన్ని నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళడం కాదు, ఏ తూము దగ్గరో వెతుక్కోవాల్సి వచ్చేది. ఈ పది నెలల్లో నేను కంటినిండా నిద్రపోయింది లేదు. కళ్ళు మూస్తే ఆ జానెడే కనపడేది.

మందులు వాడాం, కసరత్తులు చేయించాం. కాలు దాదాపుగా వచ్చింది, చెయ్యి ముప్పాతిక వచ్చింది, మూతి మామూలైంది. రానిది ఆయన నోరొక్కటే. మాట వచ్చింది, మాట్లాడడం మానేశాడు. మా పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో ఆయన నన్ను తిట్టని రోజు లేదు, నేను తిట్టించుకుని ఊరుకున్న రోజూ లేదు. కూరలో ఉప్పెక్కువైతే తిట్టు, తలుపు తీసిపెడితే తిట్టు, నేను ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే తిట్టు. అలాంటి మనిషి ఏమడిగినా "నీ ఇష్టం" అనడం మొదలుపెట్టాడు. అన్నం పెట్టనా అంటే నీ ఇష్టం. ఫ్యాను ఆపనా అంటే నీ ఇష్టం. ఒకసారి కావాలనే పప్పులో ఉప్పు రెండింతలు వేశాను. నోరెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, మంచమెక్కాడు. ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు సెలవు అయిపోతోంది. సోమవారం నాడు నరసరావుపేటలో డాక్టరు ముందు నడిచి చూపించాలి. ఆయన ఫిట్ అని రాస్తే మళ్ళీ కాలువ మీదకి, ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. లేదంటే ఇంకో దారి ఉంది. 'కాలువ డ్యూటీ చెయ్యలేను, ఆఫీసులో కూర్చునే పని ఇప్పించండి' అని అర్జీ పెట్టుకుంటే ఆఫీసరు గది ముందు స్టూలు వేసి కూర్చోబెడతారు. ఫైళ్ళు అందించడం, టీలు తేవడం. పైన ఫ్యాను, కింద గచ్చు, చుట్టుపక్కల ఎక్కడా కాలువ ఉండదు. నాకు ఆ స్టూలు తెగ నచ్చింది.

అర్జీ నేనే డీటీపీ సెంటర్లో కొట్టించాను. మామూలు కాగితం వద్దు, మందంగా ఉన్నదాని మీద తియ్యమన్నాను, ఆఫీసరు చేతికి గట్టిగా తగలాలని. సంతకం ఒక్కటే తక్కువ. ఆయన ముందు పెడితే "నీ ఇష్టం" అనేసి సంతకం గీకుతాడనుకున్నాను. గీకలేదు.

"యశస్విని వాళ్ళ కాడ నడిచే దారేందో ఉందంట గదా, రెండు కిలోమీటర్లు. అది నడుస్తా. కర్ర పట్టుకోను, నీ చెయ్యి పట్టుకోను. నడవలేకపోయాననుకో, ఆడనే సంతకం పెడతా" అన్నాడు.

పది నెలల్లో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అది.

యశస్విని మా కూతురు. రేపల్లె దాటి సముద్రం వైపున ఒక స్కూల్లో టీచరు. ఆ దగ్గర్లో మడ అడవి మధ్యనుంచి చెక్కలతో దారి వేశారని, ఆదివారాలు జనం వచ్చి నడుస్తారని ఫోన్లో చెప్తుండేది. మడ అడవంటే సముద్రపు నీళ్ళు ఎక్కీ దిగే బురదలో పెరిగే చెట్లట. నీళ్ళ కోసం మబ్బుల్నీ సాగర్ డ్యామునీ చూసి బతికే ఊళ్ళో పుట్టినదాన్ని, నీళ్ళల్లోనే పెరిగే అడవి ఒకటుంటుందని నాకెలా తెలుస్తుంది?

"చదునుగా ఉంటది నాన్నా. ఈ చివర గేటు కాడ మిమ్మల్ని దించుతా, ఆటో తీసుకుని ఆ చివర వాచ్ టవరు కాడికొచ్చి కూర్చుంటా" అంది మా అమ్మాయి. తనూ నడుస్తానంటే ఆయనే వద్దన్నాడు, పక్కన కూతురుంటే భుజం పట్టుకోబుద్ధవుతుందని.

అలా ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర నిలబడ్డాం. ఆయన తెల్ల పంచె, భుజాన తువ్వాలు. నా చంకలో ఆయన చేతికర్ర, భుజానికి సంచి. సంచిలో నీళ్ళ సీసా, బీపీ బిళ్ళలు, ప్లాస్టిక్ కవర్లో అర్జీ, ఒక పెన్ను. పెన్ను రాస్తోందో లేదో ఇంటి దగ్గరే రెండుసార్లు చూసుకున్నాను.

గేటు దగ్గర మన్సూరు అని వాచ్‌మన్, ఖాకీ చొక్కా, మెత్తటి మనిషి. "బాబాయ్, చెక్కల మీదే నడవండి. కింద బురదలోకి మాత్రం దిగొద్దు. ఇంకాసేపట్లో పోటు మొదలవుద్ది" అన్నాడు.

"పోటంటే ఏంది?" అన్నాను.

"సముద్రం నీళ్ళు పైకి ఎక్కుతయ్యమ్మా."

మా ఆయన ఆగిపోయాడు. "ఎవురు వదుల్తారు?" అని అడిగాడు.

మన్సూరు నవ్వాడు. "ఎవరూ వదలరు బాబాయ్. రోజుకు రెండుసార్లు దానంతటదే వచ్చుద్ది, దానంతటదే పోద్ది."

"చివరి దాకా వస్తయ్యా?"

"ఎందుకు రావు? అడివంతా తడుస్తది."

మా ఆయన ఆ మాట నమ్మినట్టు లేదు. ఆయన కాలువలో చివరి పొలాల దాకా నీళ్ళు చేరిన సంవత్సరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నడక మొదలైంది. ఆయన ముందు, రెండడుగుల వెనక నేను. కుడి కాలు చెక్కల మీద కొంచెం ఈడుస్తున్న చప్పుడు. ఆ చప్పుడు నాకు పది నెలలుగా అలవాటే, ఇంట్లో ఏ గదిలో ఉన్నా దాన్నిబట్టి ఆయనెక్కడున్నాడో చెప్పగలను. దారికి రెండు వైపులా పొట్టి చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నదిగా ఉన్న బుల్లి పీతలు మా అడుగుల అదురుకి బొరియల్లోకి దూరుతున్నాయి. ఉప్పు వాసన, కుళ్ళిన ఆకుల వాసన కలిసి గాలి కొడుతోంది. ఇంకా తొలకరి పడలేదు గానీ సముద్రం మీద నుంచి చల్లగానే వస్తోంది. ఒక పక్క సన్నటి పాయ, దాంట్లో అంకెలు రాసిన కొలబద్ద పాతి ఉంది. దాన్ని చూడగానే ఆయన మెడ అటు తిరిగింది. "రెండడుగులు" అన్నాడు తనలో తను.

మొదటి బల్ల రాగానే "కాసేపు కూర్చోవయ్యా" అన్నాను. కూర్చోలేదు. రెండో బల్ల దగ్గరా కూర్చోలేదు. ఒక కిలోమీటరు రాయి దాటాక నాకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని చెవి పెట్టి విన్నాను. ఈడుస్తున్న చప్పుడు లేదు. రెండు కాళ్ళూ ఒకటే మోతగా పడుతున్నాయి.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. మొగుడు నిటారుగా నడుస్తుంటే సంతోషపడాల్సింది పోయి భయపడ్డాను. ఈయన ఈ రెండు కిలోమీటర్లూ నడిచేస్తాడు. సోమవారం డాక్టరు ముందూ నడిచేస్తాడు. మంగళవారం మళ్ళీ ఆ గట్టు మీద ఒంటరిగా, నీళ్ళ పక్కన ఉంటాడు. ఈసారి గొర్రెలాయన అటు రాకపోతే?

"కాలు ఈడుస్తున్నావయ్యా" అన్నాను.

అబద్ధం. శుద్ధ అబద్ధం. ఆయన తల వంచి తన కాలు చూసుకున్నాడు. తర్వాత పది అడుగులూ నిజంగానే ఈడ్చాడు. నా మాట విని ఆ కాలు మళ్ళీ వెనక్కి పోయింది. ఆ పాపం నాదే, ఎవరికీ వాటా లేదు. ఇంట్లో కూడా ఇన్నాళ్ళూ రోజుకు నాలుగుసార్లు ఇదే మాట అంటూ వచ్చానని అప్పుడు గుర్తుకొచ్చింది. మొదట్లో నిజం కాబట్టి అన్నాను. ఎప్పటినుంచి అబద్ధమైందో నాకే తెలియదు.

సిగ్గుపడ్డాను గానీ బుద్ధి తెచ్చుకోలేదు. ఆయన మళ్ళీ సర్దుకుని నడుస్తున్నాడు. ఎలాగైనా ఒకచోట ఆపితే, కూర్చోబెడితే, కాలు బిగుసుకుంటుంది, లేవలేడు, అని లెక్క వేస్తున్నాను. అదిగో, అప్పుడు కనపడింది నాకు పాయలకూర.

దారికి ఎడమ పక్కన చిన్న దిబ్బ మీద పచ్చగా, బలిసిన ఆకులతో, ఎర్రటి కాడలతో పరుచుకుని ఉంది. మా చేలల్లో దొరికే పాయలకూర దీనిముందు పిచ్చిది. చేలో పనికి పోయిన ఏ ఆడది ఖాళీ చేతుల్తో ఇంటికొస్తుంది? ఒళ్ళో ఏదో ఒక కూర ఉండాల్సిందే. పైగా ఈయన్ని ఆపడానికి ఇంతకన్నా సాకు ఏముంది.

"ఏవయ్యా, పాయలకూర! పప్పులో వేస్తే ఎట్టా ఉంటదో! రెండు గుప్పిళ్ళు కోసుకొస్తా, నువ్వు కూర్చో" అన్నాను.

"దిగొద్దన్నాడు గదే ఆయన" అన్నాడు.

"ఎండిపోయి ఉందిలే."

ఎండిపోయే ఉంది మరి. దారికీ దిబ్బకీ మధ్య నేలంతా తెల్లబడి, వేలు పట్టేంత నెర్రెలిచ్చి ఉంది. నేను పుట్టింది నల్లరేగడిలో. రేగడి తడిగా ఉంటే అడుగు పెట్టనివ్వదు, చెప్పుకి మూడు కిలోలు అంటుకుంటుంది. నెర్రె విచ్చిందంటే మాత్రం రాయి, ట్రాక్టరు తోలుకోవచ్చు. యాభై నాలుగేళ్ళుగా నేలని అలా చూసి చెప్పగలిగినదాన్ని, ఎవరో ఖాకీ చొక్కా ఆయన చెప్తే వింటానా? సంచి చెక్కల మీద పెట్టి, కర్ర చేత్తో పట్టుకుని, దారి అంచున ఉన్న కమ్మీ కింద నుంచి దూరి దిగాను.

మొదటి అడుగు ఆగింది. రెండో అడుగు ఆగింది. మూడో అడుగుకి పైన పెంకు పుటుక్కుమంది, కుడి కాలు మోకాలి దాకా దిగిపోయింది. దాన్ని పీకుదామని ఎడమ కాలి మీద బరువు వేశాను, అదీ దిగింది. చల్లగా, మెత్తగా, కింద ఎక్కడా గట్టి తగలడం లేదు. కర్ర పొడిచి లేవబోతే కర్ర సగం దాకా పోయింది. కాళ్ళు గుంజేకొద్దీ తొడల దాకా వచ్చింది.

"ఏవయ్యో!" అని అరిచాను.

"ఏమే, నీకు బుద్ధుందా!"

ఆ కేకకి చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. నేను బురదలో ఉన్న సంగతి కూడా ఒక్క క్షణం మర్చిపోయి తల ఎత్తి చూశాను. మా ఆయన కమ్మీ పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"కళ్ళు నెత్తి మీదున్నయ్యా? చెప్పినాయన పిచ్చోడా? కూర కావాల్సొచ్చిందా నీకు, కూర! ఇంట్లో తిండి లేనట్టు!"

"పగిలుంది గదయ్యా నేల! ఎండిందనుకున్నా!"

"అది రేగడటే? ఒండ్రు! పైన పెంకు, కింద గంజి! ముప్ఫై ఏళ్ళు ఒండ్రు తీయించినోడి పెళ్ళానివి, ఆ మాత్రం తెలవదటే! కదలబాకు. చెప్తుంటే నీక్కాదూ, కదలబాకు!"

కదలకుండా నిలబడ్డాను. భయంగానే ఉంది, లోపలెక్కడో మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క అక్షరం జారలేదు. పది నెలల తర్వాత నా మొగుడు నన్ను తిట్టాడు.

"ఏంది ఆ మొహం? నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?" అన్నాడు.

"నాకే తెలవదయ్యా. నువ్వు దిగబాకు."

"నేనెందుకు దిగుతా, నీ అంత తెలివి నాకు లేదు."

ఆయన చెక్కల మీద చతికిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొసని కమ్మీ కొయ్య మొదట్లో చుట్టి ముడి వేశాడు. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా పట్టు రాదు. ఎడమ చేత్తో లాగి, రెండో వైపు పళ్ళతో బిగించాడు. రెండుసార్లు గుంజి చూశాడు. ఇంట్లో చొక్కా గుండీ పెట్టుకోవడానికి నన్ను పిలిచే మనిషి.

"ఇను. కాలువ కట్టేసినప్పుడు షట్టర్ల కాడ ఒండ్రులో ఏటా ఒక గేదన్నా దిగబడుద్ది. అన్నిట్నీ బయటికి తెచ్చా. ఒక్కటి చావలా. చెప్పినట్టు చెయ్యి."

"నేను గేదెనా?"

"గేదయితే చెప్పిన మాట వింటది. ముందు ఆ కర్ర పైకి లాగి, నీ ముందర అడ్డంగా పడెయ్. ఆఁ. ఇప్పుడు దాని మీదకి వాలు. పొట్ట ఆనించి బోర్లా పడుకో."

"చీర..."

"చీర ఇంకోటి కొనుక్కోవచ్చు. పడుకోవే!"

పడుకున్నాను. బురద గడ్డానికి అంటింది. చిత్రంగా, కిందకి లాగడం ఆగింది. ఆయన తువ్వాలు రెండో కొస విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి చేతికి అందింది.

"గట్టిగా పట్టుకో. నా చెయ్యి నమ్ముకోబాకు, కొయ్యని నమ్ముకో. ఇప్పుడు కాలు పైకి పీకబాకు. కాలి బొటనేలు ఆడించు. కుడిది ముందు. నిదానం. ఆడిస్తే సందు చేసుకుని నీళ్ళు లోపలికి పోతయ్, అదే వదుల్తది."

అప్పుడే పాయ వైపు నుంచి సన్నగా బుడబుడమని చప్పుడు వినపడింది. ఓరగా చూస్తే పాయలో నీళ్ళు వెనక్కి, అంటే మా వైపుకి, పారుతున్నాయి. ఎవరూ వదలకుండానే.

"ఏవయ్యా, నీళ్ళొస్తున్నయ్యి!"

పాయలో ఇక్కడ కూడా ఒక కొలబద్ద పాతి ఉంది, ఆయన దాని వైపు చూశాడు. నా కంగారు ఆయనకి అంటలేదు. "మొదట్లో చూసినప్పుడు రెండడుగులుంది. ఇక్కడి బద్ద మీద రెండుంపావు చూపిస్తంది. నువ్వున్న మిట్టకి రావాలంటే నాలుగు దాటాల. గంటన్నా పడుద్ది. నీకు అంత టైము అక్కర్లా. బొటనేలు ఆడించు."

ఆయన గంట అన్నాడు కాబట్టి గంటే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన ఫలానా టైముకి నీళ్ళొస్తాయంటే రైతులు ఆ టైముకి పార పట్టుకుని మడి దగ్గర నిలబడేవాళ్ళు. బొటనవేలు ఆడించాను. కొంచెం సేపటికి కాలి చుట్టూ గుటగుటమని, బిగింపు వదిలింది. "హో... హో... నిదానం" అంటున్నాడు పైనుంచి. అది గేదెల్ని అదిలించే మాటేనని నాకు తెలుసు, అప్పుడు మాత్రం తిరిగి తిట్టలేదు. కుడి కాలు వచ్చింది. ఎడమది ఇంకాస్త సేపు పట్టింది. చెప్పులు రెండూ భూదేవికే వదిలేశాను. తువ్వాలు పట్టుకుని, కర్ర మీద పొట్టతో పాక్కుంటూ చెక్కల దగ్గరికి చేరితే, ఆయన ఎడమ చేత్తో నా రెక్క పట్టి పైకి లాగాడు.

ఇద్దరం చెక్కల మీదే కూలబడ్డాం. మెడ నుంచి పాదాల దాకా నేను బూడిద రంగు బురద.

"ఇంత చేశావు, కూరన్నా కోశావా?" అన్నాడు.

"లేదు. అందలా."

"అదీ నీ తెలివి."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. "ఇంకోసారి తిట్టయ్యా" అన్నాను.

"ఏంది?"

"ఏం లేదు. నిన్ను ఆపుదామని దిగా. కూర కోసం కాదు. నువ్వు బాగానే నడుస్తున్నావు. కాలు ఈడుస్తున్నావన్నది అబద్ధం. ఇంటి కాడ కూడా చానాసార్లు అబద్ధమే చెప్పా."

ఆయన కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననీ అనుకున్నాను. కోప్పడలేదు, పాయ వైపు చూశాడు. నీళ్ళు చెట్ల వేళ్ళ మధ్యలోకి ఎక్కుతున్నాయి.

"తెలుసు" అన్నాడు. "నా కాలు సంగతి నాకు తెలవదా? నువ్వు భయపడతన్నావని ఊరుకున్నా."

"ఆ రోజు నీ తల నీళ్ళకి జానెడు దూరంలో ఉంది. నేను చూశా. నీకు తెలవదు."

"నాకెందుకు తెలవదు? ఆడ పడున్నది నేను. కాలు లేదు, చెయ్యి లేదు, నోరు రాదు. నీళ్ళు మాత్రం చెవి పక్కనే పోతా ఉన్నయ్. ఆ మోతని బట్టి ఎంత పారకం ఉందో లెక్కేసుకుంటా పడుకున్నా. ఇంకా ఎక్కువ వదిలారు, షట్టరు ఒక జానెడు దించాల అనుకున్నా. గొర్రెలాయన వచ్చిందాకా అదే పని. ఆ మోత లేకపోతే భయంతోనే చచ్చేవాణ్ణి అన్నపూర్ణా. నాకు భయమేసింది ఆడ కాదు. ఆస్పత్రిలో, ఆ తర్వాత ఇంట్లో. పైన ఫ్యాను చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు."

పది నెలలుగా నేను కళ్ళు మూస్తే కనపడిన జానెడు అది. ఆ జానెడులో ఈయన హాయిగా షట్టరు లెక్కలు వేసుకుంటూ పడుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఈ ముక్క మొదటి రోజే చెప్తే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

"నువ్వు అడిగితే గదా!"

"నువ్వు నోరు తెరిస్తే గదా!"

అటుగా వెళ్తున్న ఎవరో ఇద్దరు మమ్మల్ని చూసి, నా అవతారం చూసి, పక్క నుంచి గబగబా దాటుకుపోయారు. మేం ఇంకాసేపు పోట్లాడుకున్నాం. పది నెలల బాకీ ఒక్కసారిగా తీరదు గదా. అరిచేకొద్దీ నా గుండెల మీద బరువు దిగిపోతూ వచ్చింది. చివరికి ఆయనే కొయ్య పట్టుకుని లేచాడు. ఇంత సేపు కూర్చున్నా కాలు బిగుసుకోలేదు. నేను లేవబోతే నా మోకాళ్ళు రెండూ కటకటమన్నాయి. ఉత్త కాళ్ళు, తడి చీర, తొడలు పట్టేశాయి.

"కర్ర పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఇంకా అరకిలోమీటరు పైనే ఉంది. ఆయన ముందు, వెనక నేను. ఈసారి కర్ర చప్పుడు నాది. ఆయన దారి పొడుగునా ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాడు: ఈ పాయకి గట్టు లేదు, అయినా ఎక్కడా తెగలేదు, ఎవడి పొలమూ మునగలేదు, నీళ్ళు ఆఖరి చెట్టు దాకా పోయినయ్, ఏ ఊరోడూ లస్కర్ని తిట్టలేదు. మధ్యలో వెనక్కి తిరిగి "కాలు ఈడుస్తున్నావే" అన్నాడు. నిజంగానే ఈడుస్తున్నాను.

టవరు దగ్గర యశస్విని ఆటో పక్కన నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నాలుగడుగులు పరిగెత్తుకొచ్చి, మళ్ళీ ఆగిపోయింది. "అమ్మా! ఏందిది? కర్ర నీ చేతిలో ఉందేంది?"

"మీ అమ్మ కూరకి పోయింది" అన్నాడు వాళ్ళ నాన్న. కూతురు నోరు తెరుచుకుని ఆయన్నే చూసింది. ఆయన మాట వినో, మొహంలో నవ్వు చూసో, దాని కళ్ళు నిండాయి.

ఆటో డ్రైవరు నన్ను పైనుంచి కిందికి చూసి, "అమ్మా, ఆ కాళ్ళతో ఎక్కితే సీటంతా పాడైపోద్ది. తుడుచుకుని ఎక్కండి" అన్నాడు. యశస్విని తన కర్చీఫ్ కోసం వెతుక్కుంటోంది. తువ్వాలు అప్పటికే నా కన్నా అధ్వానంగా ఉంది.

మా ఆయన నా వంక చూశాడు. "ఆ కాయితం ఏదే?" అని అడిగాడు.

సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాను. లోపల కాగితం తెల్లగా, ఎక్కడా నలగకుండా ఉంది. పెన్ను కూడా పక్కనే ఉంది. ఆయన పెన్ను కోసం చెయ్యి చాపలేదు, నేనేం చేస్తానా అని చూస్తున్నాడు.

"మంగళవారం నుంచి పొద్దున్నే లేపమంటావా?" అన్నాను.

"లేపకపోతే ఊరుకుంటానా?"

ఆటో అంచు మీద కూర్చుని కాగితం బయటికి తీశాను. మందంగా తియ్యమని నేనే చెప్పాను గదా, బురద తుడుస్తుంటే ఎక్కడా చిరగలేదు. రెండు పాదాలకీ శుభ్రంగా సరిపోయింది.